ఐడిల్ ఊగుతూ పెట్రోలు తాగేస్తుంటే: ప్లగ్గులు మార్చే ముందు కూలెంట్ వేడి చూడండి

లక్షణాలు ఎప్పుడూ ఒకటే. బండి న్యూట్రల్‌లో నిలబెడితే ఆర్పీఎం ముల్లు 700 నుంచి 1100కి ఎక్కి, మళ్లీ జారి, ఒక్కోసారి ఆగిపోయేంత కిందకి పోతుంది. వెనక నిలబడితే పెట్రోలు వాసనకి కళ్లు మండుతాయి. సైలెన్సర్ గొట్టం లోపల వేలు తిప్పితే పొడి మసి అంటుకుంటుంది. 16 ఇచ్చే మైలేజీ 11కి పడిపోతుంది. ప్లగ్గు విప్పితే కొన దీపం మసి పట్టినట్టు నల్లగా, పొడిగా ఉంటుంది. (తడిగా, జిడ్డుగా ఉంటే అది ఆయిల్ పైకి రావడం. అది వేరే రోగం.)

ఇంతవరకూ చూసి, మిక్చర్ రిచ్ అయిందని (గాలికి మించి పెట్రోలు కలుస్తోందని) అందరూ సరిగ్గానే చెబుతారు. తప్పు ఆ తర్వాత మొదలవుతుంది. ప్లగ్గులు, కాయిల్స్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఆక్సిజన్ సెన్సర్, చివరికి ఇంజెక్టర్లు, ఇలా వరసగా మారుస్తూ పోతారు. బెంగళూరులో నా దగ్గరికి వచ్చే బండ్లలో సగానికి పైగా ఈ ఖర్చంతా అయ్యాకే వస్తాయి. ఒక్కరు కూడా కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) ఎన్ని డిగ్రీలుందో చూసి ఉండరు.

ముందు స్కానర్ పెట్టండి. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ పరికరం చాలు. ఇంజన్ వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె అది. సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే భయం లేదు. మైనస్ 20 దాకా పోతే ఈసీయూ పెట్రోలు కోస్తూనే ఉంది, అయినా ఎక్కువవుతోందని అర్థం. మిక్చర్ రిచ్ అని చెప్పే పీ0172 కోడ్ వచ్చేది ఇలాంటప్పుడే. ట్రిమ్ ప్లస్‌లో ఉండి కూడా పొగ నల్లగా వస్తుంటే ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు సైలెన్సర్ పైపు ఎక్కడో లీకవుతోందేమో చూడండి. బయటి గాలి లోపలికి దూరితే సెన్సర్ దాన్ని లీన్ (పెట్రోలు తక్కువ) అనుకుంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది.

మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని కొలిచేది) చూసేవాళ్లకి ఒక మాట. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే అది బయటి గాలి ఒత్తిడిని చూపిస్తుంది. వీడియోల్లో 101 కిలోపాస్కల్ అని చెబుతారు. అది చెన్నైకి సరిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ 91 దగ్గర చూపించాలి. 91 చూసి సెన్సర్ పోయిందని స్పేర్ పార్టుల కోసం జేసీ రోడ్డుకి పరుగెత్తకండి. బెంగళూరులో 101 చూపిస్తేనే అనుమానించండి. గాలి ఎక్కువుందని నమ్మి ఈసీయూ పెట్రోలు పెంచుతుంది.

ఇక అసలు దొంగ

ఆమధ్య అనంతపురం నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఒక అబ్బాయి తన పాత చిన్న కారు తెచ్చాడు. ప్లగ్గులూ ఆక్సిజన్ సెన్సరూ నేనే మార్పించాను. రెండు రోజులు బాగుందనిపించి మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు ఆ అబ్బాయి ఒక మాటన్నాడు: "అన్నా, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట నిలబడినా ఏమీ కాదు. పొద్దున్నే ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఎనభైలో పోయి టోల్ దగ్గర ఆగితే మాత్రం వణుకుతుంది."

ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాల్సింది నేను. ట్రాఫిక్‌లో బాగుండి ఖాళీ రోడ్డు తర్వాత పాడవుతోందంటే ఇంజన్ చల్లారిపోతోందన్నమాట. మర్నాడు పొద్దున స్కానర్ పెట్టి అదే రోడ్డు మీద పోయాం. కూలెంట్ 58 దాటలేదు. టోల్ దగ్గర ఆగిన నిమిషానికి ఐడిల్ ఊగడం మొదలు. తిరిగొచ్చి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని ఆపే వాల్వ్) మూత విప్పితే లోపల ఖాళీ. వాల్వ్ కూర్చోవాల్సిన చోట గుండ్రటి మరక మాత్రమే ఉంది. ఎప్పుడో ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కితే, "మన ఎండలకి ఇదెందుకు" అని ఎవరో మెకానిక్ తీసేశాడు.

థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అంతవరకూ నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వదు. అది లేకపోయినా, తెరిచిన స్థితిలో ఇరుక్కుపోయినా ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. చల్లగా ఉందనుకున్నంతసేపూ ఈసీయూ పెట్రోలు ఎక్కువే పోస్తుంది. పాత కార్లలో చోక్ లాగి మర్చిపోతే ఎలా ఉండేదో, ఇదీ అంతే. చిక్కటి మిక్చర్ సరిగ్గా మండక ఆర్పీఎం పడుతుంది, ఈసీయూ గాలి పెంచుతుంది, ఆర్పీఎం ఎగురుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. మీరు చూసే ఊగుడు అదే. పైగా కొన్ని బండ్లు అంత తక్కువ వేడిలో ఆక్సిజన్ సెన్సర్ మాట వినవు. ఓపెన్ లూప్‌లోనే ఉండిపోతాయి. అప్పుడు ట్రిమ్ సున్నా చూపిస్తుంది, మీరు అంతా బాగుందనుకుంటారు.

డ్యాష్‌బోర్డ్‌లో వేడి చూపే ముల్లుని నమ్మకండి. చాలా బండ్లలో అది మధ్యలో కదలకుండా ఉండేలా చేస్తారు. ఇంజన్ చల్లగా ఉందని చెప్పే నీలం లైటు ఆరిపోయినా ఇంజన్ పూర్తిగా వేడెక్కినట్టు కాదు. స్కానర్‌లో అంకె చూడండి.

స్కానర్ లేకపోతే చెయ్యి చాలు. రాత్రంతా నిలిపిన బండి స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టండి, ఫ్యాన్‌కి దూరంగా. మొదటి కొన్ని నిమిషాలు అది చల్లగానే ఉండాలి. తర్వాత ఒక్కసారిగా కాలాలి. మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా గోరువెచ్చనవుతుంటే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని ఉండిపోయింది.

కొత్తది పెట్టే ముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి. మరగకముందే తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. చిన్న గాలి రంధ్రం ఉన్న రకమైతే అది పైకి ఉండేలా బిగించండి. కూలెంట్ నింపాక గాలి బుడగలు పూర్తిగా తీయండి. మళ్లీ ఎవరైనా తీసేద్దామంటే ఒప్పుకోవద్దు. కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండా బైపాస్‌లోనే తిరుగుతుంది, ఎండాకాలంలో వేడి ఇంకా ఎక్కుతుంది.

థర్మోస్టాట్ బాగుండి కూడా అంకె తక్కువ చూపిస్తే కూలెంట్ సెన్సర్ చూడండి. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున ఇగ్నిషన్ ఆన్ చేస్తే కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు సమానంగా ఉండాలి. కూలెంట్ పది డిగ్రీలు తక్కువ చూపిస్తే దొంగ దొరికినట్టే. ఈ సెన్సర్ చల్లబడేకొద్దీ నిరోధం పెంచుతుంది. కనెక్టర్‌లో పచ్చటి తుప్పు పట్టినా నిరోధం పెరుగుతుంది, ఈసీయూకి చలి అనిపిస్తుంది. కాబట్టి సెన్సర్ కొనే ముందు కనెక్టర్ విప్పి పిన్నులు శుభ్రం చేయండి. వైరు తెగితే మైనస్ 40 చూపిస్తుంది, అది దాక్కోదు.

మిగిలినవి

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా అని చూడటానికి రెండు నిమిషాలు చాలు. పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలేది) గొట్టం నొక్కి పట్టినప్పుడు ఐడిల్ నిలబడితే ఆ వాల్వ్ మార్చండి. పాత బండ్లలో పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే ప్రెషర్ రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టంలో పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ చిరిగింది. కారే ఇంజెక్టర్ అరుదు. ఈసీయూ పోవడం ఇంకా అరుదు, అంతదాకా పోకండి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మీద నెట్టేవాళ్లకి: అది మిక్చర్‌ని లీన్ వైపు లాగుతుంది, రిచ్ వైపు కాదు.

కారణం సరిచేశాక డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చాల్సిందే. నెలల తరబడి రిచ్‌గా తిరిగిన బండిలో పెట్రోలు ఆయిల్‌లోకి దిగి ఉంటుంది. అది ఆవిరై మళ్లీ ఇంజన్‌లోకే పోయి, అన్నీ మార్చినా ట్రిమ్ మైనస్‌లోనే ఉంచుతుంది. ఆయిల్ మార్చి, స్కానర్‌తో పాత ట్రిమ్‌లు చెరిపి, ఖాళీ రోడ్డు మీద అరగంట నడిపి ఆగండి. కూలెంట్ 80 పైన ఉండి, ఆర్పీఎం ముల్లు కదలకుండా నిలబడితే ఎమిషన్ టెస్ట్‌కి పోండి. బీఎస్ 4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పరిమితి 0.3 శాతం. పాత సర్టిఫికెట్ పక్కన పెట్టి అంకె పోల్చి చూడండి.