కరోనా లాంటి రోగం వచ్చినప్పుడు టెస్టుకు, ఐసోలేషన్‌కు జనాన్ని ఒప్పించడం ఎలా?

కరోనా రోజుల్లో "జనానికి అవగాహన లేదు" అన్న మాట తెగ వినిపించింది. నన్నడిగితే లోటు అక్కడ లేదు. 2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు, ఆ తర్వాతే రింగు. టెస్టుకు వెనకాడినవాళ్లలో చాలామంది భయపడింది కూలి పోతుందని, పేరు బయటికొస్తుందని, ఇంటి ముందు కర్రలు కడతారని. రేపు ఇంకో రోగం వచ్చినా ఇవే భయాలుంటాయి. మీ వీధికో, అపార్ట్‌మెంటుకో మీరు పూనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

1. చెప్పేముందు అడగండి

"టెస్టు చేయించుకో" అనకముందే "పాజిటివ్ వస్తే నీకొచ్చే ఇబ్బందేంటి?" అని అడగండి. ఆటో నడిపేవాళ్లకు ఫైనాన్స్ కిస్తీ గుర్తొస్తుంది. ఇళ్లలో పనిచేసే ఆమెకు పని పోతుందన్న టెన్షన్. ఏ ఇబ్బందికి ఏం చేయగలరో అక్కడే చెప్పండి. మీ మాట వినకపోతే ఆశా కార్యకర్తతోనో, డ్వాక్రా సంఘం లీడరుతోనో చెప్పించండి. ఊళ్లో ఆర్‌ఎంపీని మాత్రం మర్చిపోవద్దు. జ్వరమొస్తే చాలామంది ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. "ఇది టైఫాయిడే" అని ఆయన సెలైన్ పెట్టేశాడా, ఇక టెస్టు మాట ఎవరూ వినరు.

2. టెస్టును దగ్గరికి తీసుకురండి

జ్వరంతో ఉన్న మనిషిని ఎండలో క్యూలో నిలబడమంటే రాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆర్టీసీ బస్సులను 'సంజీవని' పేరుతో మార్చి టెస్టులు చేశారు. తెలంగాణలో 2021 మేలో ఇంటింటి ఫీవర్ సర్వే పెట్టి, లక్షణాలున్నవాళ్లకు అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. మీ వీధికి అలాంటి టీమ్ వచ్చేలా పీహెచ్‌సీతో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో) మాట్లాడండి.

నిమిషాల్లో రిజల్ట్ చెప్పే యాంటిజెన్ టెస్టులో నెగెటివ్ వచ్చిందని ఊరి మీద పడేవాళ్లుంటారు. ఆ టెస్టు రోగాన్ని ఒక్కోసారి పట్టుకోదు. లక్షణాలుంటే ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టు కూడా చేయించాలి, రిజల్ట్ వచ్చేదాకా ఇంట్లోనే ఉండాలి. ఈ ముక్క ముందే చెప్పండి.

3. ఇల్లు గడిచే దారి చూపండి

అసలు కష్టం ఇక్కడే. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు నుంచి, ఐసోలేషన్ వల్ల సంపాదన పోయే తక్కువ ఆదాయం వాళ్లకు 500 పౌండ్లు ఇచ్చారు. మన వీధి చందాలతో అంత కుదరదు కానీ బియ్యం, పప్పు, పాలు, మందులు గుమ్మం దగ్గర పెట్టించవచ్చు. యజమానితో మాట్లాడి జీతం కోయకుండా చూడొచ్చు. పల్లెల్లో అయితే గేదెల పాలు ఎవరు పితకాలి, మేత ఎవరు వేయాలన్నదీ తేల్చండి. ఆ ఏర్పాటు లేకపోతే ఎంత చెప్పినా ఆ మనిషి తెల్లారేసరికి కొట్టంలో ఉంటాడు.

4. గది లేనివాళ్ల సంగతి చూడండి

"విడి గదిలో ఉండు" అనడం తేలికే, ఉన్నది ఒక్క గదైతే? 2021 మేలో నల్గొండ జిల్లాలో ఒక విద్యార్థి ఇంట్లోవాళ్లకు అంటకూడదని చెట్టు మీద మంచె కట్టుకుని 11 రోజులున్నాడు. పేపర్లు అతన్ని మెచ్చుకున్నాయి. నాకైతే అక్కడ మెచ్చుకోవాల్సిందాని కన్నా సిగ్గుపడాల్సిందే ఎక్కువ కనిపించింది. బడో, కమ్యూనిటీ హాలో ముందే అడిగి పెట్టుకోండి. మరుగుదొడ్డి ఉందో లేదో చూడండి. అదీ కుదరకపోతే ఇంట్లో పెద్దవాళ్లను బంధువుల ఇంటికి పంపే బదులు (వాళ్లకూ అప్పటికే అంటి ఉండొచ్చు) కిటికీలు తీసి, అందరూ మాస్కు పెట్టుకుని, పడకలు దూరంగా వేసుకోమనండి.

5. పేరు గ్రూపులో పెట్టకండి

పాజిటివ్ వచ్చినవాళ్ల పేరు, ఫ్లాట్ నంబరు వాట్సాప్‌లో పడితే తర్వాతి జ్వరం ఎవరూ బయటికి చెప్పరు. రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించడం కూడా తప్పనిసరి కాదు. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించొద్దని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

6. చివరి తేదీ చెప్పండి, రోజూ ఫోన్ చేయండి

"కొన్నాళ్లు ఉండు" అంటే ఎవరికైనా జైలే. కచ్చితమైన తేదీ చెప్పండి. నియమాలు మారుతుంటాయి. హోం ఐసోలేషన్ 2020లో 17 రోజుల దాకా ఉండేది. 2022 జనవరికి అది 7 రోజులైంది, అదీ చివరి 3 రోజులు జ్వరం లేకపోతేనే. అప్పటి నియమం ఏంటో పీహెచ్‌సీలో కనుక్కోండి. ఫోన్ చేసినప్పుడు, వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ ఎంత చూపిస్తోందో అడగండి. 94 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి.

మధ్యలో ఎవరైనా బయట కనిపిస్తే పదిమందిలో కేకలేయకండి. ఎందుకొచ్చారో అడగండి. బీపీ మాత్రలు అయిపోయాయనో, గ్యాస్ అయిపోయిందనో అంటారు. అది తెచ్చిచ్చి లోపలికి పంపండి.