ఆపెరెట్టా డాన్స్ పాట విని టెంపో, కీ, స్వభావం పట్టుకోవడం ఎలా?

ఆపెరెట్టా అంటే మాటలు, పాటలు, డాన్సులు కలిసిన సరదా సంగీత నాటకం. 19వ శతాబ్దంలో పారిస్, వియన్నా జనం దీని వెంట పడ్డారు. అందులోని డాన్స్ పాట గురించి రాయమంటే చాలామంది "వేగంగా ఉంది, మేజర్ కీ, అందుకే హుషారుగా ఉంది" అని తేల్చేస్తారు. ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపేస్తే ఒక్కదానికీ సరైన జవాబు రాదు.

ఉదాహరణకి అందరూ ఎక్కడో ఒకచోట విన్నదే తీసుకుందాం. కాన్‌కాన్ డాన్సర్లు గౌన్లు ఎగరేసి కాళ్లు విసిరేటప్పుడు వచ్చే ట్యూన్. 1858లో పారిస్‌లో ఆడిన 'ఓర్ఫియస్ పాతాళంలో' నాటకానికి జాక్ ఆఫెన్‌బాక్ కట్టిన గాలప్ (గుర్రం దౌడులా సాగే వేగమైన డాన్స్) అది. కాన్‌కాన్ పేరు దానికి తర్వాత అంటుకుంది.

1. టెంపో: దెబ్బలు లెక్కపెట్టండి

టెంపో అంటే పాట నడిచే వేగం. కాలితో తాళం వేస్తూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో చూసి నాలుగుతో గుణించండి. 38 వస్తే నిమిషానికి 152. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ ఉంటే స్క్రీన్ మీద తడితే చాలు, అదే చెబుతుంది.

పొరపాటు జరిగేది ఒకచోటే. పరుగెత్తే స్వరాలను లెక్కపెట్టకూడదు. ఈ గాలప్‌లో నాలుగు స్వరాలు గబగబా వస్తాయి కానీ వాటి కింద పడేది రెండు దెబ్బలే. స్వరాలు లెక్కపెడితే అంకె రెట్టింపై కూర్చుంటుంది.

2. దెబ్బలు రెండా, మూడా?

గాలప్ రెండు దెబ్బల నడక. వాల్ట్జ్ (జంటలు గిరగిరా తిరిగే డాన్స్) మూడు. వియన్నా వాళ్లు వాల్ట్జ్ వాయిస్తే రెండో దెబ్బ రవ్వంత ముందే పడుతుంది. కాగితం మీద అది కనిపించదు, చెవికే తెలుస్తుంది. హంగేరీ డాన్స్ చార్దాష్ అయితే నిదానంగా మొదలై చివరికి దౌడు తీస్తుంది. 1874లో వచ్చిన యోహాన్ స్ట్రాస్ 'ఫ్లెడర్‌మౌస్'లో నాయిక రోసలిండా హంగేరీ దొరసానిగా వేషం కట్టి పాడేది ఇదే. ఇలాంటి పాటకి ఒక్క అంకె రాస్తే తప్పే. మొదటి భాగానికి ఒకటి, రెండో భాగానికి ఒకటి రాయండి.

3. కీ: ఇల్లు ఎక్కడో వెతకండి

కీ అంటే భయపడేవాళ్లకి ఒక మాట. మన పద్యనాటకాల్లో హార్మోనియం మనిషి "ఐదు శ్రుతి" అంటే జి. పాశ్చాత్యుల కీలో సగం ఈ శ్రుతే. మిగతా సగం మేజరా, మైనరా అన్నది.

పాట ఆగాక మీ గొంతు ఏ స్వరం దగ్గర హాయిగా నిలబడుతుందో కూనిరాగం తీసి చూడండి. అది మీ స. కీబోర్డు మీద దాన్ని వెతికి పట్టుకోండి. తర్వాత గాంధారం చూడండి. అంతర గాంధారం (స తర్వాత నలుపు, తెలుపు కలిపి నాలుగో మీట) అయితే మేజర్, సాధారణ గాంధారం (మూడో మీట) అయితే మైనర్. మేజర్ స్కేలు అచ్చంగా మన శంకరాభరణం స్వరాలే.

ఇంటర్నెట్‌లో దొరికే "ఈ పాట కీ ఫలానా" అన్న సమాచారాన్ని గుడ్డిగా నమ్మకండి. పిల్లల పియానో పుస్తకంలో తేలిక కోసం, బ్యాండులో ట్రంపెట్ల కోసం, పాడేవాళ్ల గొంతు కోసం కీ మార్చేస్తుంటారు. మీరు విన్న రికార్డింగ్ కీ మీరే పట్టుకుని, "ఈ రికార్డింగ్‌లో" అని రాయండి.

ఇప్పుడు మన గాలప్ స్వరాలు చూడండి. మొదటి స రెండు దెబ్బలు సాగుతుంది:

సా – రిమగరి – ప ప – పదగమ – రి రి – రిమగరి – స, పై స, నిద – పమగరి

ఆఖరి గుంపు దగ్గర ఆగి పాడి చూడండి. పై స నుంచి జారుతూ జారుతూ వచ్చి రి మీద వదిలేస్తుంది. చెవి స కోసం తహతహలాడుతుంది. ఆ స దొరికేది మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నప్పుడే! దిగడానికి మెట్టు లేని రంగులరాట్నం అన్నమాట. ఆ ట్యూన్ ఒకసారి తలకెక్కితే రోజంతా వదలకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

4. స్వభావం: వేగం తీసేసి చూడండి

యూట్యూబ్‌లో స్పీడు సగానికి తగ్గించండి. శ్రుతి మారదు, స్వరాలూ మారవు. హుషారు మాత్రం సగం ఎగిరిపోతుంది. ఈ తమాషా ఫ్రెంచ్ స్వరకర్త సాఁ-సాన్స్‌కి ముందే తెలుసు. 1886లో రాసిన 'జంతువుల కార్నివాల్'లో తాబేళ్ల కోసం ఇదే గాలప్‌ని బి ఫ్లాట్ మేజర్‌లో, ఈడ్చుకుంటూ వాయించమన్నాడు. అక్కడా మేజరే, కానీ వినేవాళ్లకి నవ్వూ జాలీ కలిసి వస్తాయి. మేజర్ అంటే సంతోషం అన్న సూత్రం అక్కడే బోల్తా పడుతుంది.

తర్వాత కథలో ఆ పాట ముందు ఏముందో చూడండి. నేనైతే దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. పాతాళంలో దేవతల విందు జరుగుతోంది. దేవతల రాజు జూపిటర్ దర్జాగా మూడు దెబ్బల మినుయెట్ ఆడతాడు. అది రాజాస్థానాల డాన్సు. వెంటనే గాలప్ విరుచుకుపడి దేవతలంతా మర్యాద మరిచి గంతులేస్తారు. పెద్దమనుషుల పరువు తీయడమే దీని పని. గాలప్ ఒక్కదాన్నే విడిగా వింటే ఆ ఎగతాళి అందదు.

5. రెండు మూడు వాక్యాల్లో రాయండి

"రెండు దెబ్బల గాలప్, నిమిషానికి సుమారు 152. మేజర్ కీ. చివర రి మీద వదిలేసి మళ్లీ స అందుకోవడంతో ఆగని పరుగులా ఉంటుంది. మినుయెట్ తర్వాత వస్తుంది కాబట్టి అల్లరి, ఎగతాళి." ఇంత చాలు.

ఇంకొకటి మీరే చేసి చూడండి: 1905లో వియన్నాలో మొదట ఆడిన ఫ్రాంజ్ లెహార్ 'మెర్రీ విడో' వాల్ట్జ్. మూలంలో కీ జి మేజర్, అదే ఐదు శ్రుతి. ప్రేమ ఉన్నా పైకి ఒప్పుకోని ఇద్దరు రెండో అంకంలో ఆ ట్యూన్‌కి డాన్స్ చేస్తారు, దానికి మాటలు మూడో అంకంలో గానీ రావు. టెంపో లెక్కపెట్టేటప్పుడు పాట మధ్యలో ఒకసారి, చివర ఒకసారి విడిగా కొలవండి. పాడేవాళ్లు వాక్యం చివర సాగదీస్తే రెండు అంకెలూ కలవవు.