భాషా చట్టం చదవడం ఎలా? – 3వ పాఠం: ‘తప్ప’ దగ్గర ఆగండి

ఎవరికి హక్కు, ఎవరికి బాధ్యత అని సెక్షన్‌ను విడదీయడం కిందటి పాఠంలో చూశాం. ఈసారి మినహాయింపులు. చదవబోయేది కెనడాలోని క్యుబెక్ రాష్ట్రపు ఫ్రెంచి భాషా చార్టర్. జనం దాన్ని ‘101 బిల్లు’ అంటారు.

క్యుబెక్ ప్రత్యేక దేశం కావాలంటూ రెనే లెవెక్ నాయకత్వంలో 1968లో పుట్టిన పార్టీ క్యుబెక్వా, 1976 నవంబరు 15న 110 సీట్లలో 71 గెలిచింది. దేశమైతే రాలేదు. 1980, 1995 రెఫరెండాలు రెండూ ఓడాయి. నిలిచింది 1977 ఆగస్టులో మంత్రి కమీల్ లోరాన్ నెగ్గించిన ఈ చట్టం. అంతకుముందు పరిస్థితి ఏమిటంటే, 1961 లెక్కల్లో క్యుబెక్‌లోని ఫ్రెంచి మగవాళ్ల సగటు సంపాదన బ్రిటిష్ మూలాలవాళ్ల కన్నా సుమారు 35 శాతం తక్కువ. సొంతగడ్డ మీద మెజారిటీగా ఉండి కూడా!

ఇప్పుడు 46వ సెక్షన్. దాని సారం: పని స్వభావం కోరితే తప్ప, ఉద్యోగానికి ఫ్రెంచి కాక మరో భాష రావాలని యజమాని అడగకూడదు.

ముందుగా ‘తప్ప’ కింద గీత గీయండి. తర్వాత, ఆ మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది ఎవరో వెతకండి. ఇక్కడ యజమానే. ఈ సెక్షన్‌కు కోరలున్నది ఇక్కడే. భారం ఉద్యోగి మీద పడి ఉంటే కంపెనీ కాగితాలన్నీ అతనే సంపాదించుకోవాల్సి వచ్చేది. ఆపైన ‘స్వభావం’ లాంటి వదులు మాటను ఎక్కడైనా బిగించారా చూడండి. 2022 సవరణ (ఇది వేరే పార్టీ ప్రభుత్వం చేసింది) 46.1లో మూడు షరతులు పెట్టింది: భాష అవసరాన్ని నిజంగా అంచనా వేశారా, ఇప్పటికే ఆ భాష రావాలని పెట్టుకున్న సిబ్బంది చాలరా, అలాంటి పోస్టులను వీలైనంత తగ్గించారా.

కొన్నిసార్లు బిగింపు చట్టంలో దొరకదు. బోర్డుల మీద ఇతర భాషలు ఉండొచ్చు గానీ ఫ్రెంచి కొట్టొచ్చినట్టు కనిపించాలి అన్న మార్పు 1993లో వచ్చింది. ఎంత అంటే? స్థలం, అక్షరాల సైజు రెండూ కనీసం రెట్టింపు అని, చట్టం కింద ప్రభుత్వం విడిగా చేసిన అప్పటి నిబంధనల్లో పెట్టారు. చట్టం ఒక్కటే చదివినవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

మరో పొరపాటు మనవాళ్లు చేసేది. 73వ సెక్షన్ ప్రకారం తల్లిగానీ తండ్రిగానీ ఇంగ్లీషులో ప్రాథమిక విద్య చదివి ఉంటే పిల్లలను ప్రభుత్వ ఇంగ్లీషు బడిలో వేయొచ్చని విని, హైదరాబాద్ ఇంగ్లీషు మీడియం సర్టిఫికెట్ తీస్తారు. సెక్షన్‌లో ‘కెనడాలో’ అని ఉంది. ఆ తల్లి లేదా తండ్రి కెనడా పౌరులై ఉండాలని కూడా ఉంది.

అభ్యాసం: మాంట్రియల్ కాల్‌సెంటర్‌లో 12 పోస్టులకూ ఇంగ్లీషు తప్పనిసరి అన్నారు. టొరంటో కాల్స్ తీసుకునేది ముగ్గురే. 46.1లో ఏ షరతు ముందు తప్పుతుంది? మూడో దానితో మొదలుపెట్టి వెనక్కి రండి.