ఇండీ గేమ్‌కి బొమ్మలు, సౌండ్లు ఎట్టా ఎంచుకోవాలి? ఎట్టా సర్దుకోవాలి?

పెద్ద కంపెనీ లేకుండా సొంతంగా గేమ్ (అదే ఇండీ గేమ్) చేద్దామని కూర్చునే మన పిల్లోళ్ళు, నెల్లూరైనా కావలైనా ఒంగోలైనా, కోడింగ్ దగ్గర పెద్దగా ఆగరు, వీడియోలు చూసి గోడో లాంటి గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చేసుకుంటారు. ఆగిపోయేది బొమ్మలు, సౌండ్ల దగ్గర. ఫ్రీగా కనపడిన ప్రతి ప్యాకూ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటారు, ఫోల్డర్ మాత్రం నిండిపోద్ది, గేమ్ ఓపెన్ చేస్తే ఒక్కో బొమ్మ ఒక్కో గేమ్‌లోంచి ఊడొచ్చినట్టు ఉంటది. నేను చెప్పేది ఒక్కటే. గేమ్‌లో ఫలానా పని ఉంది అని రాసుకున్నాకే ఆ పనికి ఫైలు వెతకండి, ఫైలు తెచ్చుకుని దానికి పని వెతకొద్దు.

మాట్లాడుకోడానికి ఒక చిన్న గేమ్ అనుకుందాం. రాత్రిపూట రొయ్యల గుంట కాపలా. కరెంట్ పోద్ది, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయేలోపు ప్లేయర్ టార్చ్ పట్టుకుని గట్టు మీద పరిగెత్తి జనరేటర్ స్టార్ట్ చెయ్యాలి. అల్లూరు, ఇందుకూరుపేట వైపు వాళ్ళకి ఇందులో టెన్షన్ ఏందో వేరే చెప్పక్కర్లేదు.

ముందు లిస్ట్

ఒక షీట్ తెరవండి. మొదటి కాలమ్‌లో గేమ్‌లో జరిగే పని, పక్కన దానికి కావాల్సిన బొమ్మ, దాని పక్కన సౌండ్. ఏరియేటర్ ఉందనుకోండి, తిరిగే బొమ్మ ఒకటి, ఆగిన బొమ్మ ఒకటి, తిరిగేటప్పుడు లూప్ సౌండ్, ఆగేటప్పుడు మెల్లగా తగ్గిపోయే సౌండ్. ఇట్టా రాస్తా పోతే చిన్న గేమ్‌కి కావాల్సింది మనం భయపడినంత ఉండదని తెలిసిపోద్ది. లిస్ట్ అయ్యాక కూడా వెంటనే మంచి బొమ్మల కోసం ఎగబడొద్దు, బూడిద రంగు డబ్బాలు పెట్టి, సౌండ్ల కోసం జేఎస్ఎఫ్ఎక్స్ఆర్ లాంటి ఫ్రీ టూల్‌లో బటన్ నొక్కితే వచ్చే బీప్ శబ్దాలు పెట్టి ఆడి చూడండి. డబ్బాలతో ఆడినా టెన్షన్ వస్తా ఉంటే అప్పుడు బొమ్మల సంగతి చూద్దాం.

సైజు, రంగులు ఫిక్స్ చేసుకోండి

పిక్సెల్ ఆర్ట్ అయితే 16 బై 16 ఆ, 32 బై 32 ఆ, ముందే తేల్చుకోండి. ఆ రెండూ కలిపితే మనిషి ముఖంలో పిక్సెల్ ఒక సైజు, పక్కన షెడ్డు గోడ మీద పిక్సెల్ ఇంకో సైజు, చూసేవాళ్ళకి కారణం తెలీకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తది. పెంచాల్సి వస్తే రెండింతలు మూడింతలు పెంచండి, ఒకటిన్నర రెట్లు పెంచారంటే పిక్సెల్స్ వంకరటింకర అయిపోతాయి. ఇంజిన్‌లో టెక్స్చర్ ఫిల్టర్ అనే సెట్టింగ్ నియరెస్ట్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే బొమ్మ మసక కొడద్ది.

రంగులకి లాస్పెక్ సైట్‌లో రెడీమేడ్ పాలెట్లు, అంటే రంగుల సెట్లు ఉండాయి, ఒకటి తీసుకుని అన్ని బొమ్మల్నీ దానికే మార్చుకుంటే వేరువేరు చోట్ల నుంచి తెచ్చినవి కూడా చాలావరకు కలిసిపోతాయి. ఇంకా తేలిక దారి ఏందంటే ఒకే ఆర్టిస్ట్ ప్యాక్‌లో సాధ్యమైనంత తీసుకోవడం. కెన్నీ సైట్‌లో బొమ్మల ప్యాకులన్నీ సీసీ జీరో (ఎట్టాగైనా వాడుకోవచ్చనే లైసెన్స్, కింద చెప్తా), ఒకే చేతి పని కాబట్టి అతుకుల బొంతలా కనపడవు. అయితే అందులో రొయ్యల గుంట ఉండదు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఉండదు, మన గేమ్‌కి ప్రాణమైన ఆ నాలుగైదు బొమ్మలు క్రిటా, లిబ్రెస్ప్రైట్ లాంటి ఫ్రీ డ్రాయింగ్ టూల్స్‌లో మనమే గీసుకోవాలి, చెట్లు, కంచె, రాళ్ళు లాంటివి ప్యాక్ నుంచి తెచ్చుకోవచ్చు.

లైసెన్స్

ఇక్కడ నిదానంగా చదవండి. ఫ్రీ డౌన్‌లోడ్ అని రాసుంటే గేమ్‌లో వాడుకోమని అర్థం కాదు. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, అందులో రకాలు ఉండాయి. సీసీ జీరో అంటే ఏమైనా చేసుకోవచ్చు, పేరు కూడా చెప్పక్కర్లేదు, చెబితే మంచిది. సీసీ బై అంటే పేరు చెప్పాలి. సీసీ బై ఎస్ఏ అంటే పేరు చెప్పడంతో పాటు ఆ బొమ్మని మార్చి వాడితే మార్చినదాన్ని కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు, గేమ్ ఫ్రీగా ఇచ్చి మధ్యలో యాడ్స్ పెట్టినా డబ్బులు వస్తున్నట్టే కదా, కాబట్టి దాని జోలికి పోకపోవడమే మంచిది. సౌండ్లు దొరికే ఫ్రీసౌండ్ సైట్‌లో ఈ ఎన్‌సీ సౌండ్లు చాలా ఉండాయి, సెర్చ్ చేసేటప్పుడే లైసెన్స్ ఫిల్టర్ పెట్టుకోండి.

మన వాళ్ళు ఎక్కువ తడబడేది పాటల దగ్గర. త్యాగరాజు 1847లో పోయారు, వాళ్ళ పూర్వీకులది మన ప్రకాశం వైపు కాకర్ల అంటారు, ఆయన కృతి మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఎవరో పాడి రికార్డ్ చేసిన ఆడియో వేరే ఆస్తి, మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి రిలీజ్ అయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటది. కృతి కావాలంటే తెలిసిన వాళ్ళ చేత పాడించుకుని, వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

డౌన్‌లోడ్ చేసిన నిమిషంలోనే షీట్‌లో లింకు, ఆర్టిస్ట్ పేరు, లైసెన్స్, తేదీ రాసి, ఆ పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఫైలు పక్కనే పెట్టేయండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే ఆ పేజీ ఉంటదో తీసేస్తారో ఎవరికి తెలుసు.

ఊళ్ళో ఆర్టిస్ట్ చేత గీయించుకుంటే కూడా కాగితం ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాయించుకునేటప్పుడు ఎంత కాలమో రాయకపోతే 5 ఏళ్ళకే లెక్క, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే లెక్క. ప్రపంచమంతా అమ్ముకునే గేమ్‌కి ఇది సరిపోదు కాబట్టి ఆ రెండూ స్పష్టంగా రాయించుకోండి, సంతకంతో. లేయర్లు ఉన్న ఒరిజినల్ ఫైల్ కూడా ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి, దానికి తగ్గ డబ్బులు ఇవ్వండి, బేరమాడి సగానికి తగ్గించొద్దు, అది వాళ్ళ తిండి.

సౌండ్లు మనమే రికార్డ్ చేసుకుందాం

నా ఉద్దేశంలో గేమ్‌కి మన నేల వాసన వచ్చేది ఇక్కడే. విదేశాల్లో రికార్డ్ చేసిన కప్పల సౌండ్ పెడితే మన గుంటల దగ్గర పెరిగినోళ్ళకి వెంటనే తెలిసిపోద్ది. ఫోన్ చాలు. రికార్డర్ యాప్‌లో ఫార్మాట్ వేవ్ (.wav) పెట్టండి, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్, సౌండ్ మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేట్టు చూసుకోండి, ఎర్రగా అయిందంటే సౌండ్ పగిలిపోయినట్టే, దాన్ని తర్వాత బాగుచేయలేం. గాలి మన పెద్ద శత్రువు, మైపాడు బీచ్‌లో అయితే అలల కన్నా గాలే ఎక్కువ పడద్ది, మైక్ మీద పల్చటి స్పాంజ్ ముక్క గానీ ఊలు గుడ్డ గానీ కట్టి గాలికి వీపు పెట్టి నిలబడండి. గుంటల దగ్గరకి పోవాలంటే యజమానిని అడగండి, రొయ్యలకి రోగాలు రాకుండా బయటోళ్ళని రానివ్వరు, రానిచ్చినా కాళ్ళు మందు నీళ్ళలో ముంచి రమ్మంటారు, ముంచి పోండి.

ఏరియేటర్ సౌండ్ రెండు మూడు నిమిషాలు కదలకుండా తీసుకోండి, దాన్ని ఆపేటప్పుడు రెక్కలు నిదానించే సౌండ్ వేరేగా తీసుకోండి. మన గేమ్‌లో ప్రమాదాన్ని చెప్పేది ఈ సౌండే, అందాకా వినపడతా ఉన్న చప్పుడు ఆగిపోతే ప్లేయర్ తల ఎత్తాలి. చివర్లో ఏ చప్పుడూ చెయ్యకుండా ఒక అర నిమిషం ఉత్త వాతావరణం రికార్డ్ చేసుకోండి, తర్వాత అతుకులు వేసేటప్పుడు పనికొస్తది. దూరంగా మైకులో సినిమా పాట వినపడతా ఉంటే ఆ టేక్ పక్కన పెట్టేయండి, చిన్నగా ఉన్నా అది వేరేవాళ్ళ పాటే.

ఇంటికొచ్చి ఆడాసిటీ అనే ఫ్రీ సౌండ్ ఎడిటర్‌లో కట్ చేసుకోండి. లూప్ చేసేదానికి మొదలు, చివర తెరమీద కనపడే సౌండ్ అల నడిమి సున్నా గీతని దాటే చోట కట్ చెయ్యాలి, లేకపోతే తిరిగిన ప్రతిసారీ టిక్కుమంటది. అడుగుల చప్పుడు ఒక్కటే పెడితే మిషన్ నడిచినట్టు ఉంటది, నాలుగైదు రకాలు పెట్టి పిచ్ కొంచెం మారుస్తా ఉండండి. ఇంకోటి, ఫోన్ స్పీకర్లో బాగా లోతు శబ్దాలు వినపడవు, జనరేటర్ బుడబుడ హెడ్‌ఫోన్లో అదిరిపోతది, ఫోన్లో ఏమీ ఉండదు, కాబట్టి దాని రేకు గలగల కూడా కలిపి పెట్టండి.

ఫార్మాట్లు, ఫోల్డర్లు

చిన్న సౌండ్లకి వేవ్, పాటలకి, పొడుగు లూపులకి ఓగ్ (.ogg). ఎంపీ3లో మొదట్లో కొంచెం ఖాళీ చేరుద్ది, లూప్ తిరిగేటప్పుడు గ్యాప్ తెలుస్తది. స్టీరియో వేవ్ నిమిషానికి 10 ఎంబీ అని గుర్తుపెట్టుకోండి. బొమ్మ పీఎన్‌జీ చిన్నదే కదా అనుకోవద్దు, 2048 బై 2048 బొమ్మ కంప్రెస్ చెయ్యకపోతే మెమరీలో 16 ఎంబీ తింటది.

ఒరిజినల్ ఫైళ్ళు ఒక ఫోల్డర్, గేమ్‌లోకి పోయేవి ఇంకో ఫోల్డర్. పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా పెట్టండి. విండోస్ పెద్ద అక్షరం చిన్న అక్షరం పట్టించుకోదు, ఆండ్రాయిడ్ పట్టించుకుంటది, లాప్‌టాప్‌లో ఆడిన గేమ్ ఫోన్లో బొమ్మ దొరక్క ఆగిపోయేది చాలాసార్లు ఇందుకే. ఫైళ్ళ పాత వెర్షన్లు దాచిపెట్టే గిట్ వాడితే పెద్ద ఫైళ్ళకి దాని ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్ళ కోసం ఉండే ఎక్స్‌టెన్షన్) పెట్టుకోండి, మామూలుగా అయితే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు.

తెలుగు ఫాంట్

తెలుగులో మాటలు పెడతామంటే గోడో 4 వాడండి, అందులో ఒత్తులు సరిగా వస్తాయి, గోడో 3లో విడిపోతాయి, యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించే టెక్స్ట్ మెష్ ప్రో కూడా మామూలుగా తెలుగుని విడగొడుద్ది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉండాయి, అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్, గేమ్‌లో పెట్టుకోవచ్చు, లైసెన్స్ ఫైలు కూడా లోపల పెట్టాలి. స్త్రీ, లక్ష్మి, జ్ఞానం అని మూడు మాటలు టైప్ చేసి ఒత్తులు సరిగా వస్తున్నాయో లేదో అసలు ఫోన్లో చూడండి.

రిలీజ్ ముందు

షీట్ ముందు పెట్టుకుని ఒక్కో వరుస చూస్తా క్రెడిట్స్ స్క్రీన్‌తో సరిచూడండి. షీట్‌లో లేని ఫైలు ఫోల్డర్‌లో కనపడితే అది ఎక్కడిదో తేలాలి, లేదా తీసేయాలి. గేమ్‌లో ఏఐతో చేసిన బొమ్మలు గానీ సౌండ్లు గానీ ఉంటే, గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో పెట్టేటప్పుడు ఆ సంగతి ఫారంలో చెప్పాలి, 2024 జనవరి నుంచి ఈ రూల్ ఉంది. ఆఖరుగా గేమ్ ఒకసారి సౌండ్ ఆపేసి ఆడండి, ఇంకోసారి పక్కనోళ్ళ చేత ఆడిస్తా మీరు కళ్ళు మూసుకుని వినండి, ఎక్కడ ఏం జరుగుతుందో అర్థం కాకపోతే ఆ చోటు షీట్‌లో రాసుకుని దానికి మాత్రమే కొత్త ఫైలు వెతకండి.