నేల మీద ఏం పరచాలి? మూడో పాఠం: ఏ గదికి ఏది

మొదటి పాఠంలో నారల రకాలు చూశాం. రెండో పాఠంలో పోగు కాల్చి అది నూలో, ఉన్నో, ప్లాస్టికో తేల్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి టేపు, కాగితం, పెన్సిలు పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరగాలి.

జనపనార మంచిదే. నాటిన నాలుగు నెలలకు కోతకొస్తుంది, పాడయ్యాక మట్టిలో కలిసిపోతుంది. కానీ అదే జనపనారను వంటింట్లో పరిస్తే ఒక్క వానాకాలానికే బూజు పట్టి వాసన కొడుతుంది, చెత్తబండి ఎక్కుతుంది. ఎంత మంచి నారైనా చోటు తప్పితే దుబారానే. అందుకని ఏ గదిలోకి వెళ్లినా ముందు నాలుగు సంగతులు రాసుకోండి: తడి ఎంత పడుతుంది, ఎండ ఎన్ని గంటలు తగులుతుంది, నూనె, పసుపు ఒలుకుతాయా, దీన్ని ఎవరు ఎలా ఉతుకుతారు. నాలుగోది చాలామందికి కొని ఇంటికి తెచ్చాకే గుర్తొస్తుంది. అసలు మొదలు పెట్టాల్సింది అక్కణ్నుంచే.

మన వైపు వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. ఆ మూడు నెలల్లో మందంగా ఉన్నది ఏదీ లోపలిదాకా ఆరదు. పలమనేరు, కుప్పం వైపైతే చలి కూడా ఎక్కువ కాబట్టి అక్కడ ఉన్నికి చోటుంది. తిరుపతి పడసాలలో మందపాటి ఉన్ని తివాచీ ఏడాదిలో ఎక్కువ నెలలు చుట్టిపెట్టే ఉంటుంది.

వాకిలి

ఇక్కడ కొబ్బరిపీచుకు మించింది లేదు. పీచు గరుకు చెప్పుల మట్టిని గీకేస్తుంది, తడికి తొందరగా కుళ్లదు. కానీ అంగళ్లలో దొరికే వాటిలో చాలావాటికి అడుగున పీవీసీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. పీచు అరిగాక ఆ రెండూ విడిపోవు, అది కంపోస్టుకూ పనికిరాదు. తిప్పి చూడండి. రెండు వైపులా పీచే కనపడేలా అల్లినది తీసుకోండి. కొనే ముందు తలుపు కింద సందు కొలవాలి. పీచు డోర్‌మ్యాట్లు 15 మిల్లీమీటర్లు, అంతకుమించి మందం ఉంటాయి. సందు తక్కువైతే తలుపు దాన్ని ఈడ్చుకుంటూ పోతుంది, అంచులు నెల తిరక్కుండానే విచ్చుకుంటాయి. అలాంటప్పుడు గడప బయట పీచుది, లోపల పల్చని నూలుది వేయండి. మట్టి బయట రాలుతుంది, తడి లోపల ఆగుతుంది.

పడసాల

తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. పడసాలలో పరిచేది పగలు చూపుకు, రాత్రి పడకకు రెండింటికీ పనికిరావాలి. ఆ లెక్కన నూలు జంపఖానాయే ఇక్కడ మొదటి మాట. 6×9 అడుగులదైతే ముగ్గురు పెద్దవాళ్లు పక్కపక్కన పడుకోవచ్చు, తెల్లారి మడిచి అల్మారాలో పెట్టొచ్చు. తడిసినప్పుడు నూలు బలం పెరుగుతుంది, జనపనార బలం తగ్గుతుంది. ఉతికి వాడేదానికి నూలు కావాలనడం ఇందుకే.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తమిళనాడులో ఈరోడ్ జిల్లా భవానిలో నేసే జముక్కాళానికీ ఆ గుర్తింపు ఉంది. భవానివాటిలో రెండు రకాలున్నాయి. ముతక నూలుతో రంగు పట్టీలుగా నేసినది ఒకటి. కృత్రిమ పట్టు పోగు కలిపి నేసినది, పూల అంచులు మెరిసేది ఇంకొకటి. నేల మీద రోజూ తొక్కడానికి మొదటిదే గట్టిది.

సోఫా ముందు పరచాలంటే కొలత ఇలా వేసుకోండి. సోఫా పొడవు ఆరున్నర అడుగులు అనుకుందాం. 5×8 అడుగులది తీసుకుని పొడవును సోఫా వెంట పెడితే అటూ ఇటూ 9 అంగుళాలు బయటికొస్తుంది. సోఫా ముందు కాళ్లు 8 అంగుళాలు దాని మీదికి ఎక్కించండి, అది జారకుండా ఆ బరువే పట్టి ఉంచుతుంది. ముందువైపు ఇంకా 52 అంగుళాలు మిగులుతాయి. 15 అంగుళాలు కాళ్లకు వదిలి 2 అడుగుల టీపాయ్ వేసినా అవతల 13 అంగుళాలు ఉంటాయి. సైజు చిన్నదైపోయి టీపాయ్ కాళ్లు సగం లోపల, సగం బయట పడితే అంచు మడత తిరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల కాలు తట్టుకునేది అక్కడే. కొత్త నూలుది మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోతుందనీ గుర్తుంచుకోండి. 8 అడుగులకు మూడు నుంచి ఐదు అంగుళాలు పోయినట్టే.

గ్రానైటు, టైల్సు నేల మీద పల్చని జంపఖానా జారుతుంది. అడుగున పీవీసీ జాలీ వేస్తే ఎండాకాలం వేడికి మెత్తబడి నేలకు అంటుకుంటుంది. సహజ రబ్బరు జాలీ తీసుకుని నాలుగు వైపులా అంగుళం తగ్గించి కత్తిరించండి. 4×6 అడుగుల జంపఖానాకు జాలీ 3 అడుగుల 10 అంగుళాలు, 5 అడుగుల 10 అంగుళాలు. నెలకోసారి ఎత్తి కింద తుడవాలి, లేకపోతే చిక్కిన ఇసుక నేలనీ నూలునీ రెండింటినీ గీకుతుంది.

జనపనారకు కూడా పడసాలే సరైన చోటు. తడి పడని మూల, నేరుగా ఎండ తగలని మూల చూసి వేయండి. ఎండకు అది పసుపు తిరుగుతుంది. నీళ్లు ఒలికితే తుడిచినా అంచున గోధుమరంగు వలయం మిగులుతుంది, ఎందుకంటే నారలోని రంగు పదార్థం నీళ్లతో పాకి, ఆరేచోట పేరుకుంటుంది. నిమిషం ఆలస్యం చేయకుండా పొడిబట్టతో అద్దాలి. రుద్దితే మచ్చ ఇంకా పెరుగుతుంది.

వంటిల్లు

పొయ్యి ముందు, సింకు ముందు నూలు తప్ప ఇంకేదీ వద్దు. 2×4 అడుగులవి రెండు పెట్టుకోండి, ఒకటి నేల మీద, ఇంకొకటి దండెం మీద. పాత నూలుచీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఇక్కడ కొన్నదానికన్నా నయం. నాలుగు పొరలు చాలు. ఆరు దాటితే ముసురులో లోపలిపొర ఆరదు, ముక్కిన వాసన వస్తుంది. కుచ్చులున్నవి పొయ్యి దగ్గర వద్దు.

వంటింట్లో పెద్ద బెడద పసుపు. పులుసు ఒలికిన చోట సబ్బు పెట్టగానే మచ్చ ఎర్రగా మారుతుంది. గాబరా పడకండి. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, అంతే. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, మచ్చ పైకి ఉండేలా మిద్దె మీద ఎండలో ఆరేయండి. కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది, రెండు మూడు ఎండలకు మచ్చ పల్చబడుతుంది. ఇదే పని ఉన్నితో చేస్తే క్షారం ఉన్నిని కొరుకుతుంది, జనపనారతో చేస్తే వలయం పడుతుంది. అందుకే ఆ రెండూ వంటింటి గడప దాటకూడదు.

బోరునీళ్లు గట్టివైతే సబ్బు సరిగా పోక నూలు బిరుసెక్కుతుంది, బూడిదరంగు తేలుతుంది. సబ్బుపొడి ఎక్కువ వేసినకొద్దీ అది ఇంకా ఎక్కువవుతుంది. పొడి తగ్గించి, ఒక జాడింపు పెంచండి.

భోజనాల బల్ల కింద మాత్రం ఏమీ వేయకపోవడమే మా సలహా. కుర్చీ వెనక్కి లాగినా కాళ్లు దాని మీదే ఉండాలంటే నాలుగు వైపులా 2 అడుగులు పెరగాలి, అంటే 3×4 అడుగుల బల్లకే 7×8 అడుగులది కావాలి. అంత పెద్దదాని మీద రోజూ సంగటి, పులుసు, చారు. ఎన్నిసార్లు ఉతుకుతారు?

పడకగది

మంచం కింద మొత్తం పరిచే 8×10 అడుగుల కార్పెట్ చూడటానికి బాగుంటుంది. మంచం కింద చిక్కిన భాగం మీద ఎవరూ నడవరు, ఎవరూ ఊడ్వరు. చీకటి, దుమ్ము, కదలిక లేకపోవడం: ఉన్ని తినే చిమ్మటలకు, కార్పెట్ పురుగులకు కావాల్సినవి ఇవే. దాని బదులు మంచానికి రెండు వైపులా 2×5 అడుగులవి చెరొకటి వేయండి. 80 చదరపు అడుగుల చోట 20తో సరిపోతుంది. నారా, నీళ్లూ, డబ్బూ నాలుగో వంతే. వారానికోసారి దులపడం ఒక మనిషి చేతిపని. పిల్లలు నేల మీద ఆడుకునే గదికీ నూలే, లేదా తుంగచాప.

పూజగది

దీపం ఉన్నచోట ఏం వేస్తామన్నది భద్రతకు సంబంధించిన విషయం. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఆసనం నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని సులువుగా మంట పట్టదు, నిప్పు తీసేస్తే చాలావరకు తానే ఆరిపోతుంది. 2×2 అడుగుల కంబళి ముక్క చాలు. చేత్తో నేసిన గొంగళికి చింతగింజల గంజి పెడతారు కాబట్టి కొత్తలో బిరుసుగా ఉంటుంది, వాడేకొద్దీ మెత్తబడుతుంది. నూనె చుక్క పడితే నీళ్లు తగిలించకండి. ముల్తానీ మట్టి పొడి మందంగా చల్లి అరగంట వదిలి బ్రష్‌తో దులపండి, మరక మిగిలితే మళ్లీ చల్లండి.

బాల్కనీలో ఎండావానా రెండూ పడతాయి. మామూలు పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కి తునకలుగా రాలుతుంది, ఆ తునకలు కాలువలో చేరతాయి. ఈతచాప వేసుకుని వానకు లోపలికి తీయండి.

అంగట్లో

వెనక్కి తిప్పడం అలవాటు చేసుకోండి. మగ్గం మీద నేసిన జంపఖానా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ముడులతో చేసిన తివాచీకి వెనక ప్రతి ముడీ కనిపిస్తుంది, ఏలూరు తివాచీలు ఈ జాతివే. వెనక గుడ్డ అతికించి ఉంటే అది జిగురుతో నిలబెట్టిన టఫ్టెడ్ రకం. కొన్నేళ్లకు ఆ జిగురు పొడిపొడిగా రాలుతుంది, పోగులు ఊడతాయి, బాగుచేయడం కుదరదు. పైన ఉన్నే ఉన్నా దాన్ని మేము పర్యావరణహితం అనం. బ్యాంబూ సిల్క్ అని అమ్మేది చాలావరకు విస్కోసే, అంటే మొక్కల గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన పోగు. మెరుపు చూసి వెదురని నమ్మకండి, నీళ్ల చుక్క పడితే ఆ చోటు గట్టిపడి మచ్చ తేలుతుంది.

చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్) 2006 నుంచి ఉంది, అది చేత్తో నేసిందని చెబుతుంది. గుడ్‌వీవ్ చీటీ బాలకార్మికులు లేకుండా నేసిందని చెబుతుంది. రంగుల సంగతి ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. దానికి తడిపిన తెల్ల చేతిరుమాలుతో ఒక మూల పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే అది ఉతికిన ప్రతిసారీ పోతుంది, పక్కబట్టలకూ పడుతుంది.

ఈ వారం పని

ప్రతి గదికీ ఒక వరుస చొప్పున పట్టిక గీసి తడి, ఎండ, మరక, ఉతుకు నింపండి. తలుపుల కింద సందులు మిల్లీమీటర్లలో రాయండి. కొనబోయే సైజుకు పాత దినపత్రికలు అతికించి నేల మీద రెండు రోజులు పరిచి ఉంచండి, నడకకు అడ్డొస్తే సైజు మార్చండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న జంపఖానాలు, చాపలు, చీరలు బయటికి తీసి ఏ వరుసకు ఏది సరిపోతుందో చూడండి. పట్టికలో ఇంకా ఖాళీగా మిగిలిన వరుసలకే అంగడికి వెళ్లాలి. నాలుగో పాఠానికి ఆ పట్టిక దగ్గర పెట్టుకోండి, ఉతకడం, ఆరేయడం, చిమ్మటల నుంచి కాపాడటం దాని ప్రకారమే నేర్చుకుంటాం.