పాత పికప్ ఏసీ: తప్పు గ్యాస్‌ది కాదు, క్లచ్ గ్యాప్‌ది

రాయగడ నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే అరగంట చల్లగా వచ్చి, ఆపైన వేడిగాలి. ఇంజిన్ చల్లారితే మళ్లీ మామూలే. ఇలాంటప్పుడు ముందే గ్యాస్ నింపించకండి.

బండి ఆపి, 35 డిగ్రీల ఎండలో గేజ్ పెడితే ఏసీ పైపులు రెండు వైపులా 115 పీఎస్ఐ దగ్గర చూపించింది. ఆర్-134ఎ (ఏసీ గ్యాస్) లోపల ఉందని మాత్రమే దానర్థం. సరిపడా ఉందో లేదో ఈ అంకె చెప్పదు, ద్రవం కాస్త మిగిలినా ఇంతే ప్రెషర్ చూపిస్తుంది.

ఇక క్లచ్ చూడాలి, బెల్టుతో తిరిగే పుల్లీకి కంప్రెసర్‌ను కలిపేది అదే. ఏసీ ఆగిన క్షణంలోనే కంప్రెసర్ క్లచ్ వైర్ దగ్గర మీటర్ పెట్టాను: 13.6 ఓల్టులు. కరెంటు వస్తోంది, క్లచ్ ముందు ప్లేటు మాత్రం తిరగట్లేదు. ఇంజిన్ ఆపి, వేడి మీదే బ్యాటరీ నుంచి కాయిల్‌కు (ప్లేటును పుల్లీకి లాగే అయస్కాంతం) ఫ్యూజ్ ఉన్న వైర్‌తో కరెంటిచ్చి, కర్రముక్కతో ప్లేటును నొక్కితే టక్కున అతుక్కుంది. తప్పు గ్యాప్‌దేనని తేలిపోయింది. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) కొలిస్తే ప్లేటుకూ పుల్లీకీ మధ్య గ్యాప్ 0.9 మి.మీ., ఉండాల్సింది 0.3 నుంచి 0.6. ప్లేటు అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, వేడెక్కిన కాయిల్‌కు రెసిస్టెన్స్ పెరిగి లాగే బలం తగ్గుతుంది.

నడిమి బోల్టు విప్పి, 0.5 మి.మీ. షిమ్ (గ్యాప్ సర్దే పల్చటి వాషర్) ఒకటి తీశాను. ఇప్పుడు 0.4. చుట్టూ మూడుచోట్ల కొలవండి. షిమ్‌లు ప్లేటు వెనకే అంటుకుని ఉంటాయి, జారి పోతే వెతకడం కష్టం.

కండెన్సర్‌కు పట్టిన ఎర్రదుమ్మునూ కడిగాను, లోపలి నుంచి బయటికి, సన్నని ధారతో.