సీసా నుంచి కప్పుకు, మూడో పాఠం: మధ్యాహ్నం సీసా

పోయిన వారం ఇచ్చిన పని గుర్తుందిగా? రోజుకు రెండుసార్లు, అన్నం పెట్టేటప్పుడు, కప్పులో నాలుగు చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళు. బిడ్డ ఎన్ని తాగిందో లెక్కపెట్టొద్దన్నాను. అంచు కింది పెదవికి తగలగానే నోరు తెరుస్తోందా, పై పెదవి దిగి నీటిని తాకుతోందా, ఈ రెండే చూడమన్నాను. రెండూ జరుగుతుంటే ఈ పాఠంలోకి రండి. లేదంటే ఇంకో వారం నీళ్ళతోనే గడపండి, పోయేదేమీ లేదు. ఆరు నెలలు నిండాక కప్పు పరిచయం చేసి, ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్య సీసా పూర్తిగా మానిపించమంటారు పిల్లల డాక్టర్లు. పది నెలల బిడ్డ ఉన్న ఇంట్లో తొందర లేదు. పదిహేను నెలల బిడ్డ ఉన్న ఇంట్లో కాస్త ఉంది.

ఈ వారం కప్పులోకి పాలు వస్తాయి. ఒక్క పూటే, మధ్యాహ్నం.

మధ్యాహ్నమే ఎందుకంటే, సీసా చేసే పనులు రెండు. ఆకలి తీర్చడం ఒకటి, జోకొట్టడం రెండోది. రాత్రి సీసాలో పాలకన్నా జోలపాటే ఎక్కువ. దాంతో మొదలుపెడితే ఇల్లంతా జాగారం. మూడో రాత్రికి మీరే లేచి సీసా కలిపి ఇస్తారు. అప్పుడు బిడ్డ నేర్చుకునేది కప్పు కాదు, మూడు రాత్రులు ఏడిస్తే సీసా వస్తుందని. మధ్యాహ్నం నిద్ర లేచాక తాగేవి మాత్రం ఉత్త ఆకలి పాలు. బిడ్డ హుషారుగా ఉంటుంది, ఆడుకునే మూడ్‌లో ఉంటుంది. మీ ఇంట్లో మధ్యాహ్నం సీసా కూడా పడుకోబెట్టడానికే ఇస్తుంటే, ముందు రెండు మూడు రోజులు దాన్ని నిద్రకు అవతలికి జరపండి. అన్నం, నిద్ర, లేచాక పాలు. ఆ వరస కుదిరాకే కప్పు తీయండి.

చెన్నైలో మనకు ఇంకో సదుపాయం ఉంది. సరిగ్గా ఆ వేళకే ఇంట్లో కాఫీ. డవరా గ్లాసుల చప్పుడు వినపడగానే మా చిన్నది పాకుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చేది. అప్పటికి దానికి పదకొండో నెల. పెద్దవాళ్ళు ఏం చేస్తే అది చేయాలని ఉబలాటపడే వయసు. అందుకే పాఠం మొత్తాన్ని కాఫీ వేళకు ముడిపెట్టాను. అత్తయ్యకు కాఫీ, దానికి పాలు, ఎదురెదురుగా కూర్చుని.

అక్కడే బోల్తా పడ్డాను. మొదటి రోజు కప్పును రెండు చేతులా పట్టుకుంది, నాకు ఒకటే సంబరం. మరుక్షణం దాన్ని ముఖానికి పైన ఎత్తి పట్టుకుని వంచేసింది. పాలన్నీ ముక్కు మీద, కళ్ళల్లో, జుట్టులో. రెండో రోజూ అంతే. కప్పు బాగాలేదనుకుని ఇంకోటి కొన్నాను. దాంతోనూ తలస్నానమే. మూడో రోజు అత్తయ్య కాఫీ తాగుతుంటే చూశాను, అప్పుడు వెలిగింది. మాది నెల్లూరు వైపు, ఎంగిలి పట్టింపు ఎక్కువ. ఈ ఊళ్ళోనూ చాలా ఇళ్ళల్లో అంతే. నీళ్ళ చెంబు దగ్గర్నుంచి కాఫీ గ్లాసు దాకా దేనికీ పెదవి ఆనించం, ఎత్తి పోసుకుంటాం. పిల్ల చూసిందే చేసింది పాపం.

"అత్తయ్యా, ఒక నెల రోజులు గ్లాసు కరిచి తాగండి" అని బతిమాలాను. "ఇదేం చోద్యమే, ఈ వయసులో నాకు ఎంగిలి నేర్పుతున్నావు" అన్నారు. అన్నారే గానీ, మనవరాలి కోసం తనకో గ్లాసు విడిగా పెట్టుకుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తాగారు. ఆ చప్పుడు పిల్లకు భలే నచ్చింది. నాలుగు రోజులు తిరిగేసరికి పెదవులు ముందుకు చాపి తనూ జుర్రడం మొదలెట్టింది. మీ ఇంట్లోనూ ఎత్తి పోసుకునే అలవాటుంటే, ఈ వారం మొదటి పాఠం పెద్దవాళ్ళకే. ఒకే ఒక జాగ్రత్త: వేడి కాఫీ గ్లాసు బిడ్డ చెయ్యి అందేంత దూరంలో పెట్టొద్దు.

అసలు పసివాళ్ళకు కప్పు రాదనేవాళ్ళుంటే, అటక మీది ఉగ్గుగిన్నె దించి చూపించండి. ఇక్కడ దాన్నే పాలాడై అంటారు. నెలలు నిండకుండా పుట్టి రొమ్ము పట్టలేని బిడ్డలకు ఆసుపత్రుల్లో నర్సులు ఇప్పటికీ దాంతో తల్లిపాలు పడతారు. సీసా లేకుండా పెరిగిన తరాలు మన వెనక ఎన్నో. తమాషా ఏమిటంటే సీసాను మనకు ప్రకటనలు వేసి ఎవరూ అమ్మలేదు. పాలసీసాలకూ పాలపొడికీ ప్రకటనలు కూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003 సవరణతో ఇంకా బిగించారు. అయినా బారసాల నాటికి ఇంట్లో నాలుగు సీసాలు చేరతాయి. మా ఇంట్లో ఆరు.

పొగిడాను కదా అని ఈ వారం పాలు ఉగ్గుగిన్నెతో పోయకండి. అందులో పోసేది మనం, బిడ్డ మింగడమే. ముక్కు మూసి ఆముదం పట్టించే పాత పద్ధతి అసలే వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మనం నేర్పేది పెదవులతో అందుకోవడం.

సిప్పర్ దగ్గరా ఇదే చిక్కు. మూత కింద వాల్వ్ ఉన్న సిప్పర్‌ను బోర్లించినా చుక్క కారదు. సోఫా ఉన్న ఇంటికి అది వరమే, ఒప్పుకుంటాను. కానీ అందులోంచి పాలు రావాలంటే బిడ్డ గట్టిగా పీల్చాలి, నాలుక ముందుకు పెట్టి పాలపీకను చీకినట్టే చీకాలి. అలాంటప్పుడు అది వేషం మార్చిన సీసా. మాటలు నేర్పే థెరపిస్టులు సిప్పర్ కన్నా స్ట్రా కప్పునూ మామూలు గ్లాసునూ ఇష్టపడేది అందుకే. మీరు సిప్పరే కొని ఉంటే పారేయక్కర్లేదు. ఈ వారానికి వాల్వ్ తీసి పక్కన పెట్టండి. పాలు ధారాళంగా రాకుండా కొద్దిగా మాత్రమే పోయండి. నాకైతే చిన్న స్టీలు కాఫీ గ్లాసే బాగా పనికొచ్చింది. అంచు బయటికి ఒంపు తిరిగి ఉంటుంది కాబట్టి కింది పెదవి దాని మీద చక్కగా కూర్చుంటుంది. స్టీలు వేడెక్కుతుంది, పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద చుక్క వేసుకుని చూశాకే ఇవ్వండి.

ఇక చేతి పని. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి, ఒళ్ళో అయినా సరే, పాదాలకు మాత్రం ఏదో ఒక ఆనిక ఉండాలి. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే నడుం నిలవదు, నడుం నిలవకపోతే తల నిలవదు. పడుకోబెట్టి కప్పు వద్దే వద్దు. గ్లాసులో 30 మిల్లీలీటర్ల పాలు పోయండి. అంచును కింది పెదవి మీద ఆనించి, పాలు అంచు దాకా వచ్చేంత వంచి, ఆగండి. ఈ ఆగడమే కష్టం. మన చెయ్యి ఊరుకోదు, ఇంకాస్త వంచి నోట్లో పోసేస్తుంది. బిడ్డ పై పెదవి దిగి పాలను తాకేదాకా అలాగే ఉంచండి. ఒక గుక్క తాగగానే గ్లాసు కిందికి దించండి, మింగనివ్వండి, మళ్ళీ. గడ్డం మీద సగం కారుతుంది. గుడ్డ భుజాన వేసుకుని కూర్చోండి, ప్రతి చుక్కకూ తుడవకండి.

మొదటి మూడు రోజులు ముందు గ్లాసు, మిగతావి సీసాతో. రోజురోజుకూ గ్లాసులో కాస్త పెంచి సీసాలో అంత తగ్గించండి. అయిదో రోజు నుంచి ఆ పూటకు సీసా కంటికి కనపడకూడదు. డిష్ రాక్ మీద కూడా. తాగింది తక్కువైందనిపిస్తే గంట ఆగి పెరుగన్నమో రాగిజావో పెట్టండి. మిగతా పూటల సీసాలు ఎలాగూ ఉన్నాయి, ఒక పూట తగ్గితే బిడ్డ చిక్కిపోదు. తాగడం లేదని చక్కెరో, రుచి పొడులో కలపకండి. తేనె సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం.

వీలైతే ఆ పూట తల్లి పట్టకపోవడమే మేలు. తల్లిని చూస్తే సీసా గుర్తొస్తుంది, రొమ్ము గుర్తొస్తుంది. నాన్నమ్మ, తాత, నాన్న, ఎవరైనా సరే. నేను మొదటి వారం ఆ పావుగంటా బాల్కనీలో బట్టలు మడతపెట్టాను, ఆరినవీ ఆరనివీ.

ఏ పాలు అన్నది వయసును బట్టి. ఏడాది లోపు తల్లిపాలు గానీ డబ్బాపాలు గానీ, సీసాలో ఏవి తాగుతోందో అవే. డబ్బాపాలైతే కొలత మార్చకండి, కప్పు కదా అని పల్చగా కలపకండి. కలిపిన రెండు గంటల్లో వాడేయాలి, బిడ్డ నోరు పెట్టాక గంట దాటితే పారబోయాలి. కత్తిరి ఎండల్లో ఈ ఊళ్ళో ఆ గంట కూడా నాకు ఎక్కువే అనిపిస్తుంది. ఏడాది దాటాక ఆవుపాలకు మారొచ్చు. అప్పుడు గుర్తుకు ఒక తేలిక కొలత: ఆవిన్ పాల అరలీటరు ప్యాకెట్ ఒకటి. పాలు, పెరుగు అన్నీ కలిపి రోజు మొత్తానికి అంతకు మించొద్దు. పాలతోనే పొట్ట నిండితే అన్నం తినదు. పాలల్లో ఇనుము బహు తక్కువ, తిండిలోని ఇనుమునూ ఒంటికి పట్టనివ్వవు. సీసా పట్టుకుని తిరిగే బొద్దు పిల్లల్లో రక్తహీనత కనపడేది ఇందుకే.

కడగడం గురించి ఒక్క మాట. వాల్వ్ కింద, రబ్బరు రింగు మడతలో పాలు పేరుకుంటాయి. ఈ ఉక్కపోతకు రెండు రోజుల్లో నల్ల మచ్చ కడుతుంది. ప్రతిసారీ విడదీసి, సన్న బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరనిచ్చాకే బిగించండి. నల్లబడిన రింగును ఇంక తోమొద్దు, మార్చేయండి.

మొదట్లో ఒకటి రెండుసార్లు పొరపోవడం మామూలే, దగ్గి సర్దుకుంటుంది. ప్రతి గుక్కకూ దగ్గు, తాగాక గొంతు గురగుర, ముఖం కమలడం ఉంటే కప్పు ఆపి డాక్టరుకు చూపించండి. పగటి పూట వరసగా ఆరేడు గంటల పాటు డైపర్ తడవకపోయినా అంతే. జ్వరం, విరేచనాలు, ఊరి ప్రయాణం ఉన్న వారంలో ఈ పాఠం మొదలుపెట్టకండి. మధ్యలో వస్తే ఆపి, తర్వాత 30 మిల్లీలీటర్ల దగ్గర్నుంచి మళ్ళీ.

ఈ వారం పని: క్యాలెండర్ గడిలో రోజూ రెండు ముక్కలు రాయండి. గ్లాసుతో ఎన్ని మిల్లీలీటర్లు లోపలికి వెళ్ళాయి, ఎవరు పట్టారు. వారం చివర్లో చూస్తే ఎవరి చేతిలో బాగా తాగుతోందో తెలిసిపోతుంది. వచ్చే పాఠంలో సాయంత్రం సీసా పట్టుకుందాం, దానికి ఆ చెయ్యి కావాలి. ఈలోపు రెండు సీసాలు అటక ఎక్కించండి, ఉగ్గుగిన్నె దించిన చోటు ఖాళీగా ఉంటుంది.